సరిహద్దు పల్లెల యువత, మాదకద్రవ్యాలు: కారణాలు, పరిష్కార మార్గాలు

హోసూరు, బళ్లారి, రాయగడ, సిరొంచ, యానాం వంటి ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు గట్టుకు ఇవతల పొలం, అవతల చుట్టరికం ఉండడం సర్వసాధారణం. సంతకు ఒక రాష్ట్రం, ఆసుపత్రికి మరొక రాష్ట్రం వెళ్లే ఈ దారులలో గత రెండు దశాబ్దాలుగా మరొక సరుకు కూడా ప్రయాణిస్తున్నది. అది గంజాయి. దానిని మోయడానికి, అమ్మడానికి, చివరకు వాడడానికి కూడా వ్యాపారులు ఎంచుకుంటున్నది పదిహేనేళ్ల నుండి పాతికేళ్ల లోపు పిల్లలనే.

ఈ సమస్యలో రెండు రకాల యువకులు కనిపిస్తారు. మొదటివాడు మత్తుకు లోబడినవాడు. రెండవవాడు డబ్బుకు ఆశపడి మూట మోసినవాడు. కొంతకాలానికి ఈ ఇద్దరూ ఒక్కరే కావడం కూడా తరచుగా జరుగుతున్నది. ఇద్దరి విషయంలోనూ ఇంటివారు చేసే మొదటి పని పరువు కోసం దాచిపెట్టడం. వ్యాపారికి అన్నింటికంటె ఎక్కువగా ఉపకరించేది ఈ మౌనమే. వ్యాపారిని కఠినంగా శిక్షించే చట్టమే వ్యసనపరునికి చికిత్స ద్వారం తెరిచి ఉంచిందన్న సంగతి చాలా కుటుంబాలకు తెలియదు. మాదకద్రవ్యాల స్వరూపం, వాటికి యువత లోబడడానికి గల కారణాలు, చట్టం, చికిత్స, కుటుంబం చేయవలసిన పనులు ఈ వ్యాసంలో వివరించబడుతున్నాయి.

మాదకద్రవ్యాలు అంటే ఏమిటి?

మెదడు పనితీరును మార్చి, తాత్కాలికంగా మత్తును లేదా ఉత్తేజాన్ని కలిగించి, మళ్లీ మళ్లీ కావాలనిపించే పదార్థాలను మాదకద్రవ్యాలు అంటారు. సరిహద్దు ప్రాంతాలలో ప్రధానంగా కనిపించేవి నాలుగు రకాలు.

మొదటిది గంజాయి. ఆ మొక్క పూత, కాయ గుత్తులను చట్టం గంజాయిగా నిర్వచించింది. మొక్క నుండి కారే జిగురును చరస్ అంటారు. సారం తీసి చిన్న సీసాలలో అమ్మేదానిని హాష్ ఆయిల్ అంటారు. కేవలం ఆకులతో చేసే భంగు ఈ నిర్వచనంలోకి రాదు. దానిపై ఆంక్షలు ఆయా రాష్ట్రాల చట్టాలను అనుసరించి ఉంటాయి. ఇటీవలి కాలంలో చాక్లెట్ల రూపంలో కూడా ఈ మత్తు పదార్థాలు పట్టుబడుతున్నాయి.

రెండవది మందుల దుకాణంలో దొరికే మాత్రలు, దగ్గు మందులు. నొప్పి నివారణకు వాడే ట్రమడాల్, నిద్రకూ ఆందోళనకూ ఇచ్చే అల్ప్రాజోలం, నైట్రాజెపాం, కోడీన్ కలిసిన దగ్గు మందు ఈ కోవకు చెందుతాయి. ట్రమడాల్‌ను 2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి తెచ్చింది.

మూడవది పీల్చే పదార్థాలు. టైర్ల పంక్చరుకు వాడే సొల్యూషన్, రాతలు చెరిపే వైట్‌నర్, పెట్రోలు, థిన్నర్ వంటివి చౌకగా దొరుకుతాయి. వీటికి బలయ్యేవారిలో చిన్న పిల్లలు ఎక్కువ. వీటిని పీల్చినప్పుడు గుండె లయ తప్పి అకస్మాత్తుగా మరణం సంభవించవచ్చు. ఈ ప్రమాదం మొదటిసారి పీల్చినవారికి కూడా ఉంది.

నాలుగవది కల్తీ కల్లు. చెట్టు నుండి దిగిన స్వచ్ఛమైన కల్లు వేరు, క్లోరల్ హైడ్రేటు, డైజెపాం, అల్ప్రాజోలం వంటి మందులు కలిపి తయారు చేసే తెల్లని నీరు వేరు. తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర కలిసే ప్రాంతాలలో ఇది పెద్ద సమస్య. నగరాలలో వినిపించే హెరాయిన్, కొకైన్, ఎండీఎంఏ వంటివి పల్లెలలో అరుదు. అయితే చదువుకో ఉద్యోగానికో బెంగళూరు, చెన్నై, హైదరాబాదు వెళ్లిన పిల్లలకు వాటి పరిచయం కలగవచ్చు.

దేశంలో పరిస్థితి

కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ కోరికపై ఢిల్లీలోని ఎయిమ్స్ ఆధ్వర్యంలో 2018లో దేశవ్యాప్త సర్వే జరిగింది. దాని నివేదిక 2019లో వెలువడింది. దాని ప్రకారం 10 నుండి 75 సంవత్సరాల వయస్సు గలవారిలో సుమారు 3.1 కోట్ల మంది, అనగా 2.8 శాతం మంది, అంతకు ముందు ఏడాది కాలంలో భంగు, గంజాయి, చరస్‌లలో ఏదో ఒకటి వాడారు. వీరిలో చట్టవిరుద్ధమైన గంజాయి, చరస్ వాడినవారు సుమారు 1.3 కోట్లు. పీల్చే పదార్థాల వాడకం మాత్రం పెద్దలలో 0.58 శాతం కాగా పిల్లలలో 1.17 శాతం ఉన్నది. మత్తు పదార్థాలన్నింటిలోనూ పెద్దలకంటె పిల్లలు ఎక్కువగా వాడుతున్నది ఇదొక్కటే.

ఆ నివేదికలో ప్రతి కుటుంబం గమనించవలసిన మరొక విషయం ఉన్నది. చట్టవిరుద్ధ మాదకద్రవ్యాలకు బానిసలైనవారిలో ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు 20 మందిలో ఒక్కరే.

సరిహద్దు గ్రామాలకు ముప్పు ఎందుకు అధికం?

ఆంధ్ర, ఒడిశా సరిహద్దులోని తూర్పు కనుమలు దక్షిణ భారతానికి గంజాయి సరఫరా అయ్యే ప్రధాన ప్రాంతాలలో ఒకటి. ఇటు చింతపల్లి, గూడెం కొత్తవీధి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాలు, అటు మల్కన్‌గిరి, కొరాపుట్ జిల్లాల కొండలు ఈ సాగుకు పేరుపడ్డాయి. వ్యాపారులు ‘శీలావతి’ అని పిలిచే రకం ఇక్కడిదే. రహదారి లేని చోట పసుపు, రాగులు మోసుకొని సంతకు పోవలసిన గిరిజన రైతుకు, బయటి వ్యాపారి విత్తనమూ పెట్టుబడీ ముందుగా ఇచ్చి, సరుకు ఇంటివద్దనే కొంటానంటే ఆశ పుట్టడం సహజం. లాభంలో అధిక భాగం వ్యాపారికే పోతుంది, కేసు మాత్రం రైతుపై పడుతుంది.

2021 చివర ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో వేలాది ఎకరాలలో తోటలను నరికివేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపంలోని కోడూరు వద్ద సుమారు 2 లక్షల కిలోల గంజాయిని దహనం చేశారు. తమిళనాడు పోలీసులు కూడా 2021 డిసెంబరు నుండి ‘గంజా వేట్టై’ పేరిట విడతలవారీగా దాడులు జరిపారు. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ పనికోసం ‘ఈగల్’ అనే ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటు చేసింది. ఈ చర్యలకు ఫలితం ఉన్నది. అయితే ఒక వైపు నిఘా పెరిగినప్పుడు వ్యాపారం గట్టు దాటి రెండవ వైపుకు జరగడం సరిహద్దు ప్రాంతాలలో పాత అనుభవమే.

కొండల నుండి సరుకు చెన్నై, బెంగళూరు, సోలాపూరు, ముంబయి వైపు పోవాలంటే రెండు మూడు రాష్ట్రాల సరిహద్దులు దాటాలి. తనిఖీ కేంద్రాలు తప్పించుకోవడానికి ఊరి బాటలు, డొంకదారులు తెలిసినవారు కావాలి. రెండు భాషలు మాట్లాడగలిగి, రెండు వైపులా బంధువులుండి, ఎవరూ అనుమానించని కుర్రవాడు వ్యాపారికి బాగా ఉపయోగపడతాడు. తరతరాలుగా సరిహద్దు ప్రజలకు అన్నం పెట్టిన రెండు భాషల నేర్పు ఈ విధంగా వారి బిడ్డలకే ఉచ్చుగా మారుతున్నది.

యువత ఎందుకు చిక్కుకుంటున్నది?

ఏ ఒక్క కారణమో చెప్పి ఊరుకోవడం సరికాదు. సాధారణంగా రెండు మూడు కారణాలు కలిసి పనిచేస్తాయి.

1. కుతూహలం, స్నేహితుల ప్రోద్బలం. మొదటి దమ్ము దాదాపు ఎప్పుడూ స్నేహితుని చేతి నుండే వస్తుంది, అపరిచితుని నుండి కాదు. జట్టులో వెలివేస్తారన్న భయం పదహారేళ్ల వయస్సులో చిన్నది కాదు.

2. చదువు మధ్యలో ఆగిపోవడం. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు పైతరగతులలో కన్నడం, తమిళం, ఒడియా లేదా మరాఠీ మాధ్యమంలోకి మారినప్పుడు వెనుకబడే అవకాశం ఉన్నది. వెనుకబడినవాడు బడికి వెళ్లడం తగ్గిస్తాడు. బడి మానిన పిల్లవానికి పగలంతా ఖాళీయే.

3. నిరుద్యోగం, త్వరగా డబ్బు సంపాదించాలన్న ఆశ. నెలంతా కూలి చేసినా రానిది ఒక్క రాత్రి ప్రయాణంతో వస్తుందని చెప్పేవాడు ఊరికొకడు తయారవుతున్నాడు. సెల్‌ఫోన్ వాయిదాలు, బైకు అప్పులు ఈ ఆశకు తోడవుతున్నాయి.

4. శ్రమ, ఒంటరితనం. రాతి క్వారీలలో, లారీలపై, మగ్గాల షెడ్లలో, దూరపు కర్మాగారాలలో రాత్రింబవళ్లు పనిచేసే యువకులు అలసట తెలియకుండా ఉండడానికి మత్తును ఆశ్రయిస్తారు. ఇంటికి దూరంగా ఇరుకు గదులలో కలిసి ఉండడం ఆ అలవాటును పెంచుతుంది.

5. మనోవ్యధ. దిగులు, పరీక్షలో వైఫల్యం, ప్రేమ భంగం, తండ్రి తాగుడు, ఇంటిలో నిత్య కలహం. ఇటువంటి బాధ ఉన్న పిల్లవానికి మత్తు ఒక మందులాగా కనిపిస్తుంది. బాధను గుర్తించకుండా మత్తును మాత్రమే మాన్పించాలనుకుంటే ఫలితం నిలవదు.

6. అపోహలు. “ఇది ఆకు మాత్రమే, సాధువులు తాగుతారు, సారాకంటె మేలు” అన్న మాట పల్లెలలో తరచుగా వినవస్తుంది. సాధువు తాగినంత మాత్రాన పదిహేనేళ్ల బాలుని మెదడుకు హాని తప్పదు. కొన్ని సినిమాలు మత్తును వీరత్వంగా చూపడం కూడా ఈ అపోహను బలపరుస్తున్నది.

వాడకం నుండి వ్యసనం వరకు

మనిషి మెదడు సుమారు పాతికేళ్ల వయస్సు వరకు ఎదుగుతూనే ఉంటుంది. ముందుచూపు, నిగ్రహం, మంచిచెడుల విచక్షణకు సంబంధించిన భాగం అన్నింటికంటె చివర పరిపక్వం అవుతుంది. కనుకనే చిన్న వయస్సులో మొదలైన మత్తు ఎక్కువ నష్టం చేస్తుంది. గంజాయి వాడినవారిలో దాదాపు పది మందిలో ఒకరు దానికి బానిసలవుతారని, కౌమారంలోనే మొదలుపెట్టినవారిలో ఇది ఆరుగురిలో ఒకరి వరకు ఉంటుందని వైద్యశాస్త్ర అంచనా.

గంజాయి జ్ఞాపకశక్తిని, ఏకాగ్రతను తగ్గిస్తుంది. పనిపట్ల ఆసక్తి పోతుంది. అధికంగా వాడేవారిలో లేనిపోని అనుమానాలు, చెవిలో మాటలు వినిపించడం వంటి తీవ్ర మానసిక లక్షణాలు తలెత్తవచ్చు. కుటుంబంలో అంతకు ముందే మానసిక వ్యాధి ఉన్నవారికి ఈ ప్రమాదం ఎక్కువ. ఇటువంటి లక్షణాలను గాలి సోకిందని, చేతబడి అని భావించి నెలల తరబడి తిరిగే కుటుంబాలు విలువైన కాలాన్ని కోల్పోతున్నాయి.

గంజాయి మానినప్పుడు చిరాకు, నిద్రలేమి, ఆకలి మందగించడం, చెమటలు పట్టడం కనిపిస్తాయి. ఇవి మొదటి వారంలో తీవ్రంగా ఉండి, సాధారణంగా రెండు మూడు వారాలలో తగ్గుతాయి. ప్రాణాపాయం అరుదు. అయితే మద్యం, నిద్రమాత్రలు, కల్తీ కల్లు విషయం అలా కాదు. వాటిని దీర్ఘకాలం వాడి ఒక్కసారిగా మానితే మూర్ఛలు, మతిభ్రమ కలిగి ప్రాణం మీదికి రావచ్చు.

దీనికి తెలంగాణలో 2015 సెప్టెంబరు నాటి అనుభవం ఒక గుణపాఠం. నిజామాబాదు, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాలలో కల్తీ కల్లుపై ప్రభుత్వం గట్టి దాడులు జరిపింది. సరఫరా హఠాత్తుగా ఆగిపోయింది. అలవాటుపడిన వందలాది మంది వణుకు, మూర్ఛలు, వింత ప్రవర్తనతో ఆసుపత్రుల పాలయ్యారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు. దాడులు తప్పు కాదు. దాడులతో పాటు వైద్యం సిద్ధంగా లేకపోవడమే లోపం. ఇంటిలో గది తలుపు వేసి “ఇక మానుతావా లేదా” అని నిర్బంధించే తల్లిదండ్రులు కూడా తెలియక ఇదే పొరపాటు చేస్తున్నారు.

గుర్తించవలసిన లక్షణాలు

కళ్లు తరచుగా ఎర్రబడడం, వేళకాని వేళ విపరీతమైన ఆకలి, నిద్ర వేళలు తలక్రిందులు కావడం, పాత స్నేహితులను వదిలి కొత్త జట్టు పట్టడం, చదువు లేదా పని హఠాత్తుగా దెబ్బతినడం, ఇంటిలో డబ్బు, వస్తువులు మాయం కావడం, బట్టలకు వింత వాసన, వైట్‌నర్ సీసాలు, ఖాళీ మాత్రల అట్టలు, చుట్టిన కాగితాలు దొరకడం ముఖ్యమైనవి. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. ఎర్రని కళ్లు రాత్రి చదువు వల్ల కూడా కావచ్చు. మూడు నాలుగు మార్పులు కలిసి కొన్ని వారాలు కొనసాగితే మాత్రం అశ్రద్ధ చేయరాదు.

మూట మోసే యువకుని గుర్తులు వేరు. సంపాదన లేకుండానే కొత్త ఫోను, బైకు రావడం, కారణం చెప్పకుండా రెండు మూడు రోజులు కనిపించకపోవడం, రాత్రివేళ ఫోన్లు, తన పేరుతో ఉన్న బ్యాంకు ఖాతాలో ఇతరుల డబ్బు పడడం గమనించాలి. “డబ్బు ఇంటికి పంపుతున్నాడు కదా” అని సంతోషించే ముందు అది ఎక్కడిదని అడగడం తల్లిదండ్రుల ధర్మం.

చట్టం ఏమి చెబుతున్నది?

మాదకద్రవ్యాలు, మనోప్రభావక పదార్థాల చట్టం 1985 నవంబరు 14 నుండి అమలులో ఉన్నది. వాడుకలో దీనిని ఎన్‌డీపీఎస్ చట్టం అంటారు. ఇందులో శిక్ష పట్టుబడిన పరిమాణాన్ని బట్టి మారుతుంది. గంజాయి విషయంలో 1 కిలో వరకు స్వల్ప పరిమాణం. 20 కిలోలు మించితే వాణిజ్య పరిమాణం.

స్వల్ప పరిమాణానికి 1 సంవత్సరం వరకు కఠిన కారాగారం, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. స్వల్పానికి మించి వాణిజ్య పరిమాణానికి లోబడిన దానికి 10 సంవత్సరాల వరకు కారాగారం, 1 లక్ష రూపాయల వరకు జరిమానా. వాణిజ్య పరిమాణానికి కనీస శిక్షే 10 సంవత్సరాలు. అది 20 సంవత్సరాల వరకు పోవచ్చు. జరిమానా 1 లక్షకు తగ్గదు. గంజాయి సాగుకు 10 సంవత్సరాల వరకు కారాగారం ఉన్నది.

ఒక్క గోనె మూట 20 కిలోలు దాటడం ఎంతసేపు? కొన్ని వేల రూపాయల కోసం ఒక రాత్రి మూట మోసిన కుర్రవాడు పదేళ్ల కనీస శిక్షకు అర్హుడవుతాడు. 37వ సెక్షన్ ప్రకారం ఇటువంటి కేసులలో బెయిలు దొరకడం మిక్కిలి కష్టం. “మూటలో ఏముందో నాకు తెలియదు” అన్న మాట సులభంగా చెల్లదు. నిందితునికి తెలుసునని న్యాయస్థానం ముందుగా భావిస్తుంది. తెలియదని నిరూపించుకునే భారం అతనిదే. సరుకు రవాణాకు వాడిన బండి జప్తు కావచ్చు. తెలిసి ఇల్లు, గది, వాహనం ఇచ్చినవారూ, కుట్రలో పాలుపంచుకొన్నవారూ శిక్షార్హులే. పట్టుబడినది పొరుగు రాష్ట్రంలో అయితే విచారణ అక్కడే, అక్కడి భాషలో జరుగుతుంది. ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగేది తల్లిదండ్రులే. నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాదిని పొందే హక్కు ఉన్నది.

పిల్లలను ఈ పనికి వాడుకునేవారికి ప్రత్యేక శిక్ష ఉన్నది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వారికి మత్తు పదార్థం ఇచ్చినా, వారిచేత మోయించినా, అమ్మించినా 7 సంవత్సరాల వరకు కఠిన కారాగారం, 1 లక్ష వరకు జరిమానా విధించవచ్చు.

ఇక వాడినవాని సంగతి. గంజాయి సేవించినందుకు 27వ సెక్షన్ కింద 6 నెలల వరకు కారాగారం, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉండవచ్చు. అయితే 64ఏ సెక్షన్ ఒక ముఖ్యమైన మినహాయింపు ఇచ్చింది. సేవించిన నేరంపై గాని, స్వల్ప పరిమాణం కేసులో గాని అభియోగం ఉన్న వ్యసనపరుడు స్వచ్ఛందంగా ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు పొందిన సంస్థలో చికిత్సకు ముందుకు వస్తే అతనిపై ప్రాసిక్యూషన్ ఉండదు. చికిత్స పూర్తి చేయకపోతే ఆ రక్షణ ఉపసంహరించబడవచ్చు. శిక్ష పడే దశలో కూడా 39వ సెక్షన్ ప్రకారం న్యాయస్థానం జైలుకు బదులు చికిత్సకు పంపవచ్చు. కేసు లేనివారు చికిత్సకు వెళ్లడానికి భయపడవలసిన పనే లేదు. రోగి వివరాలను గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆదేశిస్తున్నది.

చికిత్స ఎలా ఉంటుంది?

వ్యసనం రక్తపోటు, మధుమేహం వంటి దీర్ఘకాల వ్యాధి. మొదటి దశలో శరీరం నుండి మత్తును సురక్షితంగా తగ్గిస్తారు. ఇందుకు కొన్ని రోజుల నుండి రెండు మూడు వారాలు పడుతుంది. రెండవ దశ మానసిక చికిత్స, కౌన్సెలింగ్. గంజాయి వ్యసనానికి ప్రత్యేకమైన మందు లేదు కనుక ఈ దశే కీలకం. నల్లమందు జాతి మందులకు అలవాటుపడినవారికి బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్ వంటి మందులు వైద్యుని పర్యవేక్షణలో ఇస్తారు. మూడవ దశ పునరావాసం. పని, చదువు, కొత్త స్నేహాలు లేకుండా ఇంటికి తిరిగివచ్చినవాడు పాత జట్టులోనికే పోతాడు.

మానిన తరువాత మళ్లీ ఒకసారి జారిపోవడం అరుదు కాదు. దానిని ద్రోహంగా భావించి వెళ్లగొట్టడం కంటె తిరిగి వైద్యుని వద్దకు తీసుకుపోవడం మేలు. నల్లమందు జాతి మందులు వాడినవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. కొంతకాలం మానిన తరువాత పాత మోతాదునే తీసుకుంటే ఊపిరి ఆగి మరణించే ప్రమాదం ఉన్నది.

కొన్ని ప్రైవేటు కేంద్రాలలో కట్టివేయడం, కొట్టడం చికిత్సగా చలామణి అవుతున్నది. మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులు కూడా 2017 చట్టం పరిధిలోకి వస్తాయి. గొలుసులతో బంధించడాన్ని ఆ చట్టం నిషేధించింది. చేర్చే ముందు కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉన్నదా, మానసిక వైద్యుడు వస్తున్నాడా, కుటుంబాన్ని కలవనిస్తారా అని అడిగి తెలుసుకోవాలి.

ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రులలో మానసిక వైద్య విభాగం ఉంటుంది. కోలారు, చిక్కబళ్లాపురం, హోసూరు వాసులకు బెంగళూరులోని నిమ్హాన్స్, తిరుత్తణి వైపు వారికి చెన్నై కీల్పాక్‌లోని మానసిక ఆరోగ్య సంస్థ, గంజాం, గజపతి జిల్లాల వారికి బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల, యానాం వారికి కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి, సిరొంచ వారికి వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రి అందుబాటులో ఉన్నాయి. వీటితో పాటు కేంద్ర ప్రభుత్వ సహాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపే వ్యసన విముక్తి పునరావాస కేంద్రాలు అనేక జిల్లాలలో ఉన్నాయి. మనసులోని బాధ మాతృభాషలోనే బాగా చెప్పుకోగలం. కనుక తెలుగు తెలిసిన కౌన్సెలర్ ఉన్న కేంద్రం ఏదో ముందుగా విచారించి వెళ్లడం మంచిది.

కుటుంబం చేయవలసినవి

విషయం తెలిసిన వెంటనే కొట్టడం, తిట్టడం, నలుగురిలో నిలదీయడం వల్ల పిల్లవాడు మరింత దూరమవుతాడు. మత్తులో ఉన్నప్పుడు ప్రశ్నించరాదు. ఉదయం వేళ, ఏకాంతంలో, తాను గమనించిన మార్పులను చెప్పి అడగాలి. “నువ్వు చెడిపోయావు” అనడం కంటె “నెల రోజులుగా నీకు నిద్ర లేదు, పనికి పోవడం లేదు, ఏమయింది నాయనా?” అనడం మేలు. అతడు విశ్వసించే మేనమామో, అన్నో, ఉపాధ్యాయుడో ఉంటే వారి సహాయం తీసుకోవాలి.

చేతికి నగదు ఇవ్వడం తగ్గించాలి. అయితే అన్నం, ఆదరం తగ్గించకూడదు. పెళ్లి చేస్తే దారిలో పడతాడన్న ఆలోచన పూర్తిగా మానుకోవాలి. అది మరొక ఇంటి ఆడబిడ్డను ఈ బాధలోకి దించడమే. తండ్రి, అన్నలు తాగుతూ చిన్నవానికి నీతులు చెప్పినా ప్రయోజనం ఉండదు. ఇంటిలో మిగిలిపోయిన నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు పిల్లలకు అందకుండా ఉంచాలి.

మూట మోయడానికి ఎవరైనా పిలిచారని పిల్లవాడు చెబితే, ధైర్యంగా చెప్పినందుకు మొదట మెచ్చుకోవాలి. ఇంకా వెళ్లలేదు కనుక అప్పటికి నష్టమేమీ జరగలేదు. ముందుగా అప్పు ఇచ్చి ఆ అప్పు చూపి బెదిరించడం వ్యాపారుల పద్ధతి. ఆ అప్పును దాచకుండా కుటుంబం బయటకు తెచ్చి న్యాయవాది సలహాతో ఎదుర్కోవాలి.

గ్రామం, పాఠశాల చేయవలసినవి

తెలుగు పల్లెలకు ఈ విషయంలో ఒక గొప్ప అనుభవం ఉన్నది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన స్త్రీలు సారా దుకాణానికి ఎదురు నిలిచారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధానికి దారితీసింది. నలుగురు కూర్చొని మాట్లాడుకోవడంతో అది మొదలైంది. ఇంటింటి రహస్యంగా ఉన్న బాధను నలుగురి సమస్యగా గుర్తించడమే అసలు మలుపు.

గంజాయి వ్యాపారం సారా దుకాణంలా బహిరంగంగా ఉండదు. కనుక స్వయం సహాయక బృందాలు నేరుగా అమ్మేవారి మీదికి పోవడం ప్రమాదకరం. సమాచారం అధికారులకు ఇవ్వడం, చికిత్స అవసరమైన కుటుంబానికి తోడుగా ఆసుపత్రికి వెళ్లడం, తిరిగివచ్చినవానికి పని చూపించడం వారు చేయగల పనులు. పంచాయతీ ఊరి చివర పాడుబడిన కట్టడాలు, చీకటి ప్రదేశాలలో దీపాలు ఏర్పాటు చేయవచ్చు. మందుల దుకాణాలు అల్ప్రాజోలం, ట్రమడాల్ వంటి హెచ్1 జాబితా మందులను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదు. వాటి అమ్మకాన్ని వేరే పుస్తకంలో నమోదు చేయాలి. దీనిని గ్రామ పెద్దలు గుర్తుచేయవచ్చు.

పాఠశాలలో పట్టుబడిన విద్యార్థికి టీసీ ఇచ్చి పంపివేయడం సులభం. అయితే బడి బయట అతనికోసం ఎదురుచూస్తున్నది సరుకు అమ్మేవాడే. తల్లిదండ్రులను పిలిచి, చికిత్సకు పంపి, తిరిగి తరగతిలో కూర్చోబెట్టడమే విద్యాసంస్థ కర్తవ్యం. విద్యాసంస్థలకు 100 గజాల లోపు పొగాకు ఉత్పత్తుల అమ్మకాన్ని 2003 నాటి చట్టం నిషేధించింది. చాలామందికి గంజాయి మొదట సిగరెట్టులోనే అందుతుంది కనుక ఆ నియమాన్ని అమలు చేయించడం కూడా నివారణే.

సరిహద్దుకు రెండు వైపుల ఉన్న గ్రామ పెద్దలు, ఉపాధ్యాయులు, పోలీసు అధికారులు తరచుగా కలుసుకోవాలి. దొంగ సరుకు రెండు రాష్ట్రాలలోనూ తిరుగుతున్నప్పుడు సమాచారం ఒక్క రాష్ట్రంలోనే ఆగిపోకూడదు.

సహాయం కోసం

వ్యసన విముక్తికి జాతీయ ఉచిత సహాయ కేంద్రం: 14446
మాదకద్రవ్యాల సమాచారం, సలహాలకు ‘మానస్’ (2024 జూలైలో ప్రారంభం): 1933
మానసిక ఆరోగ్య సలహాలకు ‘టెలి మానస్’, తెలుగుతో సహా పలు భాషలలో: 14416
18 ఏళ్ల లోపు పిల్లల రక్షణకు: 1098
ఉచిత న్యాయ సహాయానికి: 15100
ఆంధ్రప్రదేశ్ ఈగల్ విభాగం: 1972
తమిళనాడులో మాదకద్రవ్యాల ఫిర్యాదులకు: 10581
అత్యవసర పరిస్థితిలో: 112

ముగింపు

ఏటా జూన్ 26న అంతర్జాతీయ మాదకద్రవ్యాల వ్యతిరేక దినం జరుగుతుంది. ర్యాలీలు, ప్రతిజ్ఞలు అవసరమే. కాని ఒక ఊరిలో మార్పు వచ్చిందనడానికి గుర్తు వేరు. ఒక తల్లి తన బిడ్డ సంగతిని సిగ్గుపడకుండా ఆశా కార్యకర్తతో చెప్పగలగాలి, ఆ మాట విన్న ఊరు ఆమెను వెలివేయకుండా ఆసుపత్రికి తోడు వెళ్లాలి. కొండలలో తోటలు నరకడం, దారులలో సరుకు పట్టుకోవడం ప్రభుత్వాల పని. బిడ్డ జ్వరంతో ఉంటే వైద్యుని వద్దకు తీసుకుపోయినట్లే, మత్తుకు లోబడినప్పుడు కూడా ఆలస్యం చేయకుండా తీసుకుపోవడం ఇంటివారి పని. వ్యాధి ముదరకముందే, కేసు పడకముందే ఆ అడుగు వేసిన కుటుంబానికి చట్టమూ వైద్యమూ రెండూ అండగా ఉన్నాయి.